నీరు దిగాక ఎవరిని ముందు పిలవాలి: సింగ్‌నగర్ గ్రౌండ్‌ఫ్లోర్ ఇంటి ప్రాజెక్టు డైరీ

ఇల్లు: విజయవాడ అజిత్‌సింగ్‌నగర్, గ్రౌండ్‌ఫ్లోర్, 850 చదరపు అడుగులు, రెండు బెడ్‌రూములు. బయటి గోడలు 9 అంగుళాల ఇటుక, లోపలి అడ్డగోడలు నాలుగున్నర. నేలకి విట్రిఫైడ్ టైల్స్, గోడలకి పుట్టీ మీద ఎమల్షన్. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో హాల్లో నీటి గీత 4 అడుగుల 2 అంగుళాల దగ్గర నిలిచింది. కింద రోజుల లెక్కంతా ఇంట్లోంచి నీరు దిగిన రోజును సున్నాగా పెట్టుకుని రాసింది. ఖర్చులు ఈ ఒక్క ఇంటివి. ఊరంతా ఒకేసారి మనుషుల కోసం వెతుకుతున్న రోజులు కాబట్టి కూలి రేట్లు మామూలు కన్నా ఎక్కువే పడ్డాయి.

వరదలో పాడైన ఇంటిని మొదటి నుంచి చివరిదాకా చేసిపెట్టే ఒకే కంపెనీ మన దగ్గర దొరకడం కష్టం. ఎలక్ట్రీషియన్, కూలీలు, సెప్టిక్ ట్యాంకర్, క్లీనింగ్ ఏజెన్సీ, తాపీ మేస్త్రీ, పెయింటర్, వడ్రంగి అందరినీ విడివిడిగా పట్టుకోవాలి. ఎవరు ఎంత బాగా చేశారన్న దానికన్నా ఎవరి తర్వాత ఎవరు వచ్చారన్న దాని మీదే ఎక్కువ డబ్బు పోయింది.

దశ 0: తప్పు మనిషిని ముందు పిలవడం (1వ రోజు)

మొదటి ఫోన్ డీప్ క్లీనింగ్ వాళ్లకి వెళ్లింది. అడ్వాన్సు 2,000. ముగ్గురు మనుషులు వ్యాక్యూమ్, స్క్రబ్బర్ మెషిన్ పట్టుకొచ్చారు. బెడ్‌రూములో బురద 4 అంగుళాలు, ఇంట్లో కరెంటు లేదు, కుళాయిలో నీళ్లు లేవు. "బురద ఎత్తడం మా ప్యాకేజీలో లేదండీ" అని వెళ్లిపోయారు. అడ్వాన్సు తిరిగి రాలేదు. వాళ్లన్నదీ అబద్ధం కాదు. ఆ ప్యాకేజీ ఇల్లు మారేటప్పుడు మరకలు వదిలించడానికి పెట్టింది.

ఇప్పటిదాకా: రూ. 2,000

దశ 1: ఫోటోలు, తర్వాత కరెంటు (2, 3 రోజులు)

చీపురు పట్టకముందే ఫోటోలు తీయాలి. కడిగాక నీటి గీత కనిపించదు, అప్పుడు ఏం చెప్పినా నోటి మాటే అవుతుంది. ఈ వరదకి ప్రభుత్వం గ్రౌండ్‌ఫ్లోర్ ఇళ్లకి 25,000, మొదటి అంతస్తు, ఆ పైవాళ్లకి 10,000 ప్రకటించింది. నష్టం నమోదుకి వచ్చేవాళ్లకి చూపించడానికి ఆ గీతే ఆధారం. ఇంటికి ఇన్సూరెన్సు ఉంటే ఫోటోలు మరీ ముఖ్యం. 2021 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో వరద నష్టం ఉంటుంది. భవనానికి బీమా చేస్తే సామాన్లకి కూడా అందులో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, దానంతటదే వర్తిస్తుంది.

1. ప్రతి గదిలో గోడకి టేపు ఆనించి, నీటి గీత దగ్గర అంకె కనిపించేలా ఒక ఫోటో.
2. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఇన్వర్టర్ వెనక సీరియల్ నంబరు ప్లేటు.
3. పారేసే ప్రతి వస్తువునీ వీధిలో పెట్టాక ఒకటి. సర్వేయర్ రాకముందే బరువైనవి పారేయాల్సి వస్తే పరుపు కవరు ముక్క, ప్లైవుడ్ ముక్క దాచిపెట్టాలి.

ఎలక్ట్రీషియన్‌ని ఎంచుకోవడానికి ఫోన్లో ఒక్క ప్రశ్న చాలు: "మీ దగ్గర మెగ్గర్ ఉందా?" అది వైర్ల నుంచి కరెంటు లీకవుతుందేమో కొలిచే మీటరు. లేదంటే ఇంకొకరికి ఫోన్ చేయాలి. ఈ ఇంటికి నలుగురిని అడిగితే ఒక్కరి దగ్గరే ఉంది. టెస్టరుతో పొడిచి "కరెంటు వస్తోంది" అనేవాళ్లకి గోడలోని వైరు పైపులో నిలిచిన నీరు కనిపించదు.

మీటరు, సర్వీసు వైరు కరెంటు సంస్థ సీపీడీసీఎల్ వాళ్లవి, మనం ముట్టుకోకూడదు. మీటరు తర్వాతి మెయిన్ ఆపి, అన్ని ప్లగ్గులూ పీకి, ఫేజ్, న్యూట్రల్ కలిపి ఎర్త్‌కి 500 వోల్టుల మెగ్గర్ పెట్టారు. కనీసం 1 మెగా ఓమ్ రావాలి.

హాలు: 3వ రోజు 0.4, 9వ రోజు 2.1
బెడ్‌రూములు: 3వ రోజు 0.6, 9వ రోజు 2.8
వంటగది: 3వ రోజు 0.08, 9వ రోజు 0.15

మొదటి రెండు సర్క్యూట్లు స్విచ్‌బోర్డులు విప్పి, పైపుల్లోకి బ్లోయర్‌తో గాలి కొడితే కోలుకున్నాయి. వంటగది మాత్రం కోలుకోలేదు. అక్కడ పైపు కిటికీ కిందుగా వంగి మళ్లీ పైకి లేస్తుంది, ఆ వంపులో నీరు నిలిచిపోయింది. ఆరు రోజులు చూశాక 10వ రోజున పాత వైర్లు లాగేసి, పైపులోంచి బట్ట లాగి, కొత్తవి వేశారు. నీటి గీతకి కింద ఉన్న స్విచ్చులు, సాకెట్లు అన్నీ మార్చేశారు. కడిగి ఆరబెట్టి వాడదామని ఒకటి విప్పి చూస్తే ఇత్తడి పట్టీ మీద అప్పటికే ఆకుపచ్చ పొర కట్టింది. మెయిన్ దగ్గర కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ లేదు, కొత్తగా పెట్టించారు. కింద వైరింగ్ తేలేదాకా పనులకి కరెంటు పై అంతస్తు నుంచి, అదీ ఆర్‌సీసీబీ ఉన్న బోర్డు ద్వారా వాడారు.

కూలి 2 రోజులకి 2,400. ఆర్‌సీసీబీ 2,200. స్విచ్చులు, సాకెట్లు 3,600. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు ఒక చుట్ట 2,800. ఈ దశ 11,000.

ఇప్పటిదాకా: రూ. 13,000

దశ 2: బురద (3, 4 రోజులు)

బురదకి చదరపు అడుగు లెక్కన రేటు మాట్లాడితే ఎవరో ఒకరు నష్టపోతారు. లోతుతో లెక్క కట్టాలి. ఇక్కడ సగటున 2 అంగుళాలు. 850 అడుగులకి అది సుమారు 140 ఘనపుటడుగులు, అంటే 4 ఘనపు మీటర్లు, బరువు ఆరు టన్నుల పైమాటే. 12 లీటర్ల తట్టతో 330 తట్టలు. ఈ అంకె ముందు చెప్పబట్టే కూలీలు నలుగురు, రెండు రోజులు అని బేరం సాఫీగా తెగింది.

1. గమ్‌బూట్లు, మోచేతి దాకా రబ్బరు గ్లౌజులు వేసుకోవాలి. మంచం కింద, బీరువా వెనక ముందు కర్రతో కదపాలి. పాములు, తేళ్లు అక్కడే చేరతాయి.
2. లోపలి గది నుంచి గుమ్మం వైపు పారతో లాగుతూ రావాలి.
3. పార ఎత్తగానే ఆ గదిని వెంటనే నీళ్లతో కడగాలి. అప్పట్లో ఫైరింజన్లు వీధులకి వచ్చి ఇళ్లు కూడా కడిగాయి. అది వచ్చే సమయానికి పార పని అయిపోయి ఉంటేనే లాభం. బురద ఉండగా పైపు కొడితే అది మంచాల కిందికి, మూలల్లోకి పోతుంది.
4. బురదను వీధి కాలువలోకి తోయకూడదు. కాలువ పూడితే రేపటి వాన మళ్లీ గుమ్మం ఎక్కుతుంది.

ఇక్కడ జరిగిన పొరపాటు: రెండో బెడ్‌రూమును మొదటి రోజు పారతో ఎత్తి, కడగడం రేపటికి వదిలారు. రాత్రికి రాత్రే పల్చని పొర ఎండి టైల్స్ గీతల్లో సిమెంటులా పట్టేసింది. ఆ ఒక్క గది గీకడానికే మనిషికి సగం రోజు పట్టింది.

రెండోది స్కర్టింగ్. కడిగిన హాల్లో మర్నాడు కూడా కంపు పోలేదు. గోడ అడుగున ఉన్న 4 అంగుళాల టైల్స్‌ని వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్తే ఏడెనిమిది చోట్ల డొల్లగా మోగింది. ఒకటి ఉలితో లేపగానే వెనక నుంచి నల్లటి నీరు సన్నటి ధారగా కారడం మొదలై, మధ్యాహ్నం దాకా ఆగలేదు. డొల్లగా మోగినవన్నీ తీసేశారు. క్లీనింగ్ వాళ్లు, కూలీలు ఎవరూ ఇది చెప్పరు. వాళ్ల పనిలోకి రాదు కాబట్టి మనమే చూసుకోవాలి.

కూలీలు 8,000. చెత్తకి ట్రాక్టరు రెండు ట్రిప్పులు 2,400. పారలు, తట్టలు, బూట్లు, గ్లౌజులు 1,900. ఈ దశ 12,300.

ఇప్పటిదాకా: రూ. 25,300

దశ 3: సెప్టిక్ ట్యాంకు, సంప్ (5వ రోజు)

సెప్టిక్‌లోకి రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. ప్రాణం పోయే పని కూడా. "మా కుర్రాడు దిగి చేస్తాడు, తక్కువకే" అన్నవాళ్లని అక్కడే ఆపాలి. పైపుతో లాగే ట్యాంకర్ కావాలంటే మున్సిపాలిటీని అడగాలి, లేదా 14420 హెల్ప్‌లైన్‌కి చేయాలి. ఒక జాగ్రత్త: చుట్టూ నేలలో నీరు ఇంకా పైనే ఉన్నప్పుడు ట్యాంకు మొత్తం ఖాళీ చేస్తే, బయటి నీటి ఒత్తిడికి గోడ లోపలికి కూలొచ్చు. ఇక్కడ మూడో వంతు వదిలేయమన్నారు.

సంప్ 3,000 లీటర్లు. ఇందులోకీ వెంటనే దిగకూడదు. మూసి ఉన్న గుంతలో గాలి ఆడదు. మూత తీసి, అద్దె మడ్‌పంపుతో బురద నీరు తోడి, ఒక పూట వదిలి, పైన ఒక మనిషి తాడు పట్టుకుని నిలబడ్డాకే కడగడానికి దిగారు.

బ్లీచింగ్ లెక్క, 33 శాతం క్లోరిన్ ఉన్న కొత్త పౌడరుకి:

1. 1,000 లీటర్లకి 150 గ్రాములు. 3,000 లీటర్లకి 450.
2. బకెట్లో ముందు పేస్టులా కలిపి, నీళ్లు పోసి, తేరిన నీటినే సంప్‌లో పోయాలి. అడుగున మిగిలే సున్నం పారేయాలి.
3. మోటారు వేసి ట్యాంకులోకి ఎక్కించి, ప్రతి కుళాయిలోనూ క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి కట్టేయాలి.
4. 12 గంటలు ఉంచి, మొత్తం వదిలేసి, కొత్త నీరు నింపాలి.
5. ఈ పనికి ముందే ఆర్వో ఫిల్టరుకి వెళ్లే కుళాయి కట్టేయాలి. ఇంత క్లోరిన్ తగిలితే లోపలి మెంబ్రేన్ పాడవుతుంది.

ట్యాంకర్ 3,000. పంపు అద్దె 800. సంప్ కడగడం 1,500. బ్లీచింగ్ 300. ఈ దశ 5,600.

ఇప్పటిదాకా: రూ. 30,900

దశ 4: క్లీనింగ్ ఏజెన్సీ, ఈసారి అడగాల్సినవి అడిగి (6వ రోజు)

బురద పోయింది, నీళ్లున్నాయి, పై నుంచి కరెంటు ఉంది. వాళ్ల మెషిన్లకి ఇప్పుడు పని దొరికింది. మూడు ఏజెన్సీలకి ఇవే ప్రశ్నలు:

1. వరద ఇల్లు అని తెలిసే వస్తున్నారా, లేక మామూలు ప్యాకేజీయేనా?
2. ఏ మందు వాడతారు, ఎంత పాళ్లలో?
3. అల్మారాల లోపలి వైపు, స్విచ్‌బోర్డుల డబ్బాలు, తలుపుల కింది అంచు లెక్కలో ఉన్నాయా?
4. జీఎస్‌టీ కలిపి చెబుతున్నారా, విడిగానా? బిల్లు ఇస్తారా?
5. డబ్బు మూడు భాగాలుగా తీసుకుంటారా: వచ్చాక, కడిగాక, మర్నాడు చూశాక?

రెండో ప్రశ్న దగ్గరే ఇద్దరు పోయారు. ఒకరు "మా కెమికల్ ఉంది, అన్నీ చస్తాయి" అన్నారు. ఇంకొకరు బాత్రూముల్లో యాసిడ్, ఆ వెంటనే బ్లీచింగ్ అన్నారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపు మూసిన బాత్రూములో అది మనిషిని పడేస్తుంది. మూడోవాళ్లు ముందు సబ్బు, తర్వాత మంచినీళ్లు, చివర క్లోరిన్ అన్నారు. అదే సరైన వరుస. మట్టి మీద చల్లిన క్లోరిన్ ఆ మట్టితోనే ఖర్చైపోతుంది, క్రిముల దాకా చేరదు.

నేల, టైల్స్‌కి పాళ్లు: 10 లీటర్ల నీటికి 150 గ్రాముల బ్లీచింగ్, అంటే అర శాతం క్లోరిన్. అరగంట తేరనిచ్చి పై నీరు వాడాలి, లేకపోతే స్ప్రేయర్ నాజిల్ పూడుతుంది. పది నిమిషాలు తడిగా ఉంచి కడిగేయాలి. ఇనుప బీరువాకి, అల్యూమినియం కిటికీలకి ఇది వద్దు.

బేరం 6,500, జీఎస్‌టీ 18 శాతం 1,170. మొత్తం 7,670.

ఇప్పటిదాకా: రూ. 38,570

దశ 5: ఆరబెట్టడం (7 నుంచి 26వ రోజు)

ఇల్లు కడిగేసరికి పని అయిపోయినట్టే కనిపిస్తుంది. అసలు నెమ్ము గోడల్లో ఉంది. ఈ దశలోనే ఒక వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టరు వచ్చి, లోపలి గోడలన్నిటికీ కోటింగ్ అని 65,000 చెప్పారు. ఇంటివాళ్లు వద్దన్నారు. ఈ గోడకి బయట నుంచి ఊట లేదు, వారం రోజులు నీళ్లు తాగింది. తాగిన నీరు బయటికి రావాల్సి ఉండగా పైన కోటింగ్ వేస్తే లోపలే ఉండిపోతుంది.

కొన్నవి: రెండు ముళ్ల తేమ మీటరు 1,400, గాలి తేమ చూపే డిజిటల్ మీటరు 350. ముళ్ల మీటరు చెక్క కోసం చేసింది. గోడ మీద దాని అంకె శాతం కాదు, పోల్చుకోవడానికే. అందుకే అదే గోడ మీద నీరు తగలని 7 అడుగుల ఎత్తులో ముందు చూడాలి. ఇక్కడ 10 వచ్చింది. గోడ ఆరిందంటే ఆ 10 దగ్గరికి రావాలి.

హాలు పడమర గోడ, కింద నుంచి 1 అడుగు, 3 అడుగులు, 5 అడుగులు:

7వ రోజు: 38, 36, 24
13వ రోజు: 37, 34, 23
20వ రోజు: 29, 24, 16
27వ రోజు: 24, 18, 13

నీటి గీత 4 అడుగుల 2 అంగుళాల దగ్గర ఉంటే 5 అడుగుల ఎత్తులో 24 ఎందుకంటే, ఇటుక నీటిని పైకి పీలుస్తుంది. గోడ పని ఎప్పుడూ గీత దగ్గర ఆపకూడదు, కనీసం ఒక అడుగు పైదాకా పోవాలి.

మొదటి ఆరు రోజులు దాదాపు ఏమీ కదల్లేదు. గాలిలోంచి రోజుకి 20 లీటర్ల నీరు లాగుతుందన్న డీహ్యుమిడిఫయర్ అద్దెకి తెచ్చి పెట్టారు. బకెట్లో రోజూ 11, 12 లీటర్లు పడుతుంటే పని బ్రహ్మాండంగా సాగుతోందనుకున్నారు. గాలి తేమ మాత్రం 78 నుంచి 76కి దిగి అక్కడే కూర్చుంది. బాత్రూము వెంటిలేటర్ల అద్దాలు, వంటగది ఎగ్జాస్టు కంత తెరిచే ఉన్నాయి. సెప్టెంబరు విజయవాడ గాలిని ఇంట్లోకి పిలిచి ఊరంతటినీ ఆరబెడుతున్నట్టయింది.

13వ రోజున మార్చినవి:

1. వెంటిలేటర్లు, ఎగ్జాస్టు కంత, తలుపు కింది సందు పాలిథీన్, టేపుతో మూసేశారు.
2. గోడల మీద పుట్టీ 5 అడుగుల 3 అంగుళాల దాకా గీకేశారు. తెల్ల సిమెంటు పుట్టీ, దాని మీది ఎమల్షన్ గోడకి రెయిన్‌కోటు తొడిగినట్టు ఉంటాయి.
3. మెషిన్ ఉన్న గదిలోనే రెండు టేబుల్ ఫ్యాన్లు గోడ వైపు పెట్టారు.
4. మెషిన్ రెండు మూడు రోజులకోసారి గది మార్చారు.

బకెట్లో నీరు తొలి రోజు 9 లీటర్లకి, చివరికి 3కి తగ్గింది. గాలి తేమ 52, 55 మధ్య నిలిచింది. బకెట్ తక్కువ నిండుతూ గోడ అంకె దిగుతుంటేనే పని జరుగుతున్నట్టు.

అద్దె 20 రోజులకి 9,000. కరెంటు 1,200. మీటర్లు 1,750. ఈ దశ 11,950.

ఇప్పటిదాకా: రూ. 50,520

దశ 6: తొందరపడిన పుట్టీ (28 నుంచి 39వ రోజు)

పెయింటర్ గోడ మీద అరచెయ్యి ఆనించి "ఆరిపోయిందండీ, చూడండి" అన్నారు. చేతికి పొడిగానే ఉంది. మీటరు 1 అడుగు దగ్గర 24 చూపిస్తోంది. అయినా రెండో బెడ్‌రూములో ఒక గోడకి పుట్టీ వేయనిచ్చారు. 11 రోజులకి అడుగున్నర ఎత్తు దాకా పొక్కులు లేచాయి. గోరుతో గీకితే పెచ్చు ఊడి, వెనక తెల్లటి ఉప్పు పొడి. లోపలి నీరు బయటికి వస్తూ ఇటుకలోని ఉప్పుని మోసుకొస్తుంది. పుట్టీ అడ్డం పడితే దాని వెనకే గడ్డకట్టి దాన్ని తోసేస్తుంది. 2,600 పోయాయి.

ఆ తర్వాత పెట్టుకున్న నియమాలు:

1. పెయింటర్‌కి కబురు పెట్టేది మూడు ఎత్తుల్లోనూ అంకె 13కి గానీ అంతకన్నా కిందికి గానీ వచ్చాకే.
2. వచ్చాక కూడా 45 సెంటీమీటర్ల చదరం పాలిథీన్ గోడకి నాలుగు వైపులా టేపుతో అంటించి, 16 గంటలకి తగ్గకుండా వదలాలి. వెనక చెమ్మ చుక్క కనిపిస్తే ఇంకా ఆగాలి.
3. తెల్ల ఉప్పు పూసిన చోట పొడి బ్రష్షే వాడాలి. నీళ్లతో కడిగితే ఉప్పు మళ్లీ లోపలికే పోతుంది.
4. డొల్లగా మోగే ప్లాస్టరింగ్ కొట్టేసి, ఒక పాలు సిమెంటుకి ఆరు పాళ్ల ఇసుకతో కొత్తది. గట్టిగా ఉండాలని సిమెంటు ఎక్కువ వేయొద్దని మేస్త్రీకి ముందే చెప్పాలి, చెప్పకపోతే వేస్తారు.

పోయిన పుట్టీ 2,600. మేస్త్రీ 2 రోజులు 2,600. హెల్పరు 1,800. సిమెంటు, ఇసుక 2,100. ఈ దశ 9,100.

ఇప్పటిదాకా: రూ. 59,620

దశ 7: చెక్క, మెషిన్లు

పరుపులు, పార్టికల్ బోర్డు సామాను మొదట్లోనే వీధిలోకి పోయాయి. పార్టికల్ బోర్డు ఒకసారి ఉబ్బితే రంపపు పొట్టే. టేకు గుమ్మం నిలిచింది. లోపలి ఫ్లష్ డోర్లు మూడూ కింది అంచున పొరలు విచ్చుకున్నాయి. వాటికి వడ్రంగి రిపేరు రేటు చెప్పారు కానీ, లోపలి చెక్కలో మీటరు 26 చూపించాక మార్చేయడమే నయమనిపించింది. ఒక్కోటి 4,500, మొత్తం 13,500.

ఫ్రిజ్ కంప్రెసర్ సీలు వేసి ఉంటుంది, అది బతికే ఉంది. పోయింది దాన్ని స్టార్ట్ చేసే రిలే. బాడీ గోడల్లోని ఫోమ్ మురుగు నీళ్లు పీల్చి ఉంటే మాత్రం ఆ వాసన పోదు, రిపేరుకి డబ్బు పెట్టొద్దు. ఏ మెషిన్‌నీ "ఒకసారి వేసి చూద్దాం" అని ప్లగ్గు పెట్టకూడదు. మెకానిక్ విప్పి, ఆరబెట్టి, మెగ్గర్ పెట్టాకే. అవి ఇంటి లెక్కలోవి కావు కాబట్టి ఇక్కడ కలపలేదు.

ఇప్పటిదాకా: రూ. 73,120

దశ 8: రంగు (60వ రోజు తర్వాత)

60వ రోజు హాలు గోడ: 13, 12, 10. పాలిథీన్ వెనక పొడిగా వచ్చింది. హాలు, రెండు బెడ్‌రూములకి ప్రైమర్, మామూలు డిస్టెంపర్, కూలి కలిపి 14,000. కింది సగానికి ఎమల్షన్ వేయలేదు. ఎమల్షన్‌తో పోలిస్తే డిస్టెంపర్ గోడ నుంచి గాలి ఆడనిస్తుంది. మళ్లీ గీకాల్సి వచ్చినా ఖర్చు తక్కువ.

ఇప్పటిదాకా: రూ. 87,120

వంటగదిలో సింకు వెనక గోడ 1 అడుగు దగ్గర ఇంకా 19లోనే ఉంది. అది 9 అంగుళాల గోడ, అవతల పక్కింటి గోడ ఆనుకుని ఉంది, గాలి ఒకవైపే తగులుతుంది. కొత్త కప్‌బోర్డులకి కొలతలు తీసుకున్నారు కానీ ఆర్డరు ఇవ్వలేదు. ఆ గోడని ఇటుక కనిపించేలా అలాగే వదిలేసి, నెలకోసారి అదే మూడు చోట్ల ముళ్లు గుచ్చి క్యాలెండర్ మీద అంకె రాస్తున్నారు. ఈ గోడకి పెయింటర్‌ని పిలిచేది ఎండాకాలంలోనే.